నాయనమ్మ ఎదురుచూసిన ఆగమన కాలాలు

క్రిస్మస్ జ్ఞాపకాలు అనగానే నా మనసు పండుగ రోజు దగ్గర ఆగదు. దానికి ముందు వచ్చే ఆగమన కాలం దగ్గరకు వెళ్ళి అక్కడే నిలిచిపోతుంది. పండుగ ఒక్క రోజులో అయిపోయేది. దానికోసం కనిపెట్టుకొని ఉండడం మాత్రం మా ఇంట్లో నాలుగు వారాల పాటు, ప్రతి సాయంత్రం, ఒక పనిగా సాగేది. మా తాతయ్య చర్చి సంఘంలో వాక్యపఠనం చేసేవారు. ఇంట్లో ఆ కాలపు క్రమమంతా ఆయనదే. ఆ క్రమానికి ప్రాణం పోసినది మాత్రం నాయనమ్మ అని నాకు చాలా ఏళ్ళ తరువాత అర్థమయింది.

క్రీస్తు శిష్యుడు సెయింట్ అంద్రెయ దినమైన నవంబరు 30కి ఏ ఆదివారం దగ్గరగా ఉంటే ఆ ఆదివారమే ఆగమన కాలపు మొదటి రోజు. కాబట్టి అది నవంబరు 27కు ముందు రాదు, డిసెంబరు 3 దాటదు. డిసెంబరు 3న మొదలైన సంవత్సరంలో నాలుగవ ఆదివారం సరిగ్గా 24వ తేదీన పడుతుంది. అంటే ఆ చివరి వారం కొన్ని గంటలే ఉంటుంది. కొత్త క్యాలెండరు చేతికి రాగానే తాతయ్య ఈ లెక్క చూసి, ఈసారి ఎన్ని రోజులు కనిపెట్టాలో చెప్పేవారు. తక్కువలో తక్కువ 22 రోజులు, ఎక్కువలో ఎక్కువ 28. పిల్లలం 22 రావాలని కోరుకునేవాళ్ళం. నాయనమ్మ 28 వస్తే సంతోషించేది. ఆమెకు ఆ రోజులు ఎందుకు ఎక్కువ కావాలో అప్పట్లో మాకు తెలియదు.

సంఘానికి సంవత్సరం జనవరిలో కాక ఈ ఆదివారంతోనే మొదలవుతుందని తాతయ్య చెప్పినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా గుర్తుంది. సంవత్సరాన్ని ఒక వేడుకతో కాకుండా ఎదురుచూపుతో ప్రారంభించాలని పూర్వులకు తోచడం ఎంత లోతైన ఆలోచనో ఇప్పటికీ తలచుకుంటూ ఉంటాను. ఈ ఎదురుచూపు ఎంతకాలం ఉండాలో తేల్చుకోవడానికే సంఘానికి కొన్ని శతాబ్దాలు పట్టింది. 380లో స్పెయిన్‌లోని సరగోసాలో సమావేశమైన బిషప్పులు, డిసెంబరు 17 నుండి ఎవరూ ఆరాధనకు రాకుండా ఉండకూడదని నిర్ణయించారు. 5వ శతాబ్దంలో గాల్ దేశపు (నేటి ఫ్రాన్స్) తూర్ పట్టణంలో నవంబరు 11 నుండి వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండేవారు. రోమా సంప్రదాయంలో అది నాలుగు వారాలకు స్థిరపడింది. మిలాను సంఘం నేటికీ ఆరు వారాలు పాటిస్తుంది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు నవంబరు 15 నుండి 40 రోజులు ఉపవాసం చేస్తాయి. ఇవన్నీ తాతయ్య దగ్గర కొంత, తరువాత పుస్తకాలలో కొంత తెలుసుకున్నాను.

ఆ నాలుగు వారాలు ప్రసంగ పీఠం మీద ఊదారంగు వస్త్రం ఉండేది. మడతల వెంబడి రంగు కొద్దిగా వెలిసిపోయి, అంచు చుట్టూ మళ్ళీ కుట్టిన దారం మాత్రం కొత్తగా కనిపించేది. ఆ వస్త్రం తీసి తెల్లది వేసేదాకా క్రిస్మస్ పాటలు పాడకూడదని తాతయ్య కచ్చితంగా చెప్పేవారు. "బిడ్డ పుట్టకముందే జోలపాట పాడతారా?" అనేవారు. మిగతా ఇళ్ళలో పిల్లలు డిసెంబరు మొదటి రోజు నుండే పాడుతుంటే మాకు కష్టంగానే ఉండేది. కానీ ఈ విషయంలో ఆయన మాటే సరైనదని నా అభిప్రాయం. 24వ తేదీ రాత్రి ఆ పాటలు మొదటిసారి గొంతు దాటినప్పుడు కలిగిన ఆనందం, నెల రోజులుగా పాడి అరగదీసిన పాటలో దొరకదు.

ఆకుపచ్చని కొమ్మలతో చుట్టిన ఆగమన వలయం, దానిమీద నాలుగు కొవ్వొత్తులు మా ఇంట్లో మేజా మధ్యలో ఉండేవి. ఈ వలయం చరిత్ర తాతయ్యకు చాలా ఇష్టం. జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిఖ్ విఖెర్న్ అనే పాస్టరు 1833లో పేద పిల్లల కోసం ఒక ఆశ్రమ గృహం స్థాపించారు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని ఆ పిల్లలు రోజూ అడుగుతుంటే, 1839లో ఆయన ఒక బండిచక్రానికి పనిదినాలకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు అమర్చి, రోజుకొకటి చొప్పున వెలిగించారు. ఇంకా ఎన్ని రోజులున్నాయో ఆ పిల్లలే చూసి లెక్కపెట్టుకునేవారు. "పిల్లలను ఊరుకోమని ఆయన కసరలేదు, ఎలా ఎదురుచూడాలో చేతికి ఒక పని ఇచ్చి నేర్పారు" అని తాతయ్య మెచ్చుకొనేవారు. ఆ పని మాకూ వచ్చింది. ఆదివారం సాయంత్రం ఒకరు వాక్యం చదవాలి, ఒకరు వెలిగించాలి, ప్రార్థన అయ్యాక ఒకరు ఆర్పాలి. మొదటి కొవ్వొత్తి ప్రతి ఆదివారమూ వెలుగుతుంది కాబట్టి నాలుగవ ఆదివారం నాటికి అది వేలెడంత మిగిలేది, దాని పక్కది జానెడు ఉండేది, చివరిది ఇంకా ఒత్తి అయినా నల్లబడకుండా నిటారుగా నిలబడి ఉండేది. ఒకసారి నేను, నాలుగూ సమానంగా ఉంటే బాగుంటుంది, చిన్నదాన్ని తీసి కొత్తది పెడదామా అని అడిగాను. నాయనమ్మ వద్దంది. "అది మొదటి వారం నుంచి ఉంది నాన్నా, దాన్ని ఉండనివ్వు" అని మాత్రం అంది.

మొదటి ఆదివారపు పాఠాలు మమ్మల్ని భయపెట్టేవి. బెత్లెహేము, గొల్లలు, నక్షత్రం వినబడతాయని కూర్చుంటే, లోకాంతం గురించి, సూర్యుడు చీకటి కమ్మడం గురించి చదివేవారు. ఇంటి యజమానుడు ప్రొద్దు గ్రుంకి వస్తాడో, అర్ధరాత్రి వస్తాడో, కోడి కూసేవేళ వస్తాడో తెలియదు కాబట్టి మెలకువగా ఉండమని మార్కు సువార్తలో ప్రభువు చెప్పిన మాట విని, ఆ రాత్రంతా మేలుకొని ఉండాలేమోనని నేను దిగులు పడ్డాను. ఆగమన కాలం ఒకసారి జరిగిపోయిన రాకను తలచుకోవడానికి మాత్రమే కాదని, మళ్ళీ రానున్న రాక కోసం కనిపెట్టడానికి కూడా అని మా పాస్టరు గారు అప్పుడు వివరించారు. 12వ శతాబ్దంలో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు ఈ రెండింటికీ నడుమ మూడవ రాకను కూడా చెప్పారు. మొదటి రాక శరీరధారిగా, బలహీనతలో జరిగింది. చివరిది మహిమతో జరుగుతుంది. మధ్యది ఎవరి కంటికీ కనబడకుండా మనిషి హృదయంలో జరుగుతూ ఉంటుంది. అప్పట్లో నాకు ఇది పాఠంలా తోచింది. కాలక్రమంలో, ఆ మధ్య రాక జరుగుతున్న మనిషి మా ఇంట్లోనే ఉందని గ్రహించాను.

నాయనమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మా నాన్న. చిన్నవాడు, మా బాబాయి, నేను ఇంకా మాటలు నేర్వని వయసులో, తాతయ్యతో మాట పట్టింపు వచ్చి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. మొదట్లో రెండు ఉత్తరాలు వచ్చాయట. తరువాత ఏమీ లేదు. ఆ గొడవ ఏమిటో ఇంట్లో ఎవరూ చెప్పేవారు కారు. ఆయన పేరు మిగిలిన సంవత్సరమంతా చాలా తక్కువగా వినబడేది. ఆగమన కాలంలో మాత్రం ప్రతి సాయంత్రపు ప్రార్థనలో వినబడేది. ఆ పేరును నాయనమ్మే పలికేది, తాతయ్య తల వంచుకొని ఆమేన్ అనేవారు. ఆమె 28 రోజులు కోరుకున్నది ఇందుకే. ఆ పేరును అందరి మధ్య, గొంతు తగ్గించకుండా పలకడానికి ఆమెకు దొరికే రోజులు అవి.

రెండవ వారంలో తాతయ్య లూకా సువార్త మొదటి అధ్యాయం తీసేవారు. పాత నిబంధనలోని చివరి ప్రవక్త మలాకీకి, క్రీస్తు జననానికి నడుమ సుమారు 400 ఏళ్ళ మౌనం ఉంది. ఆ మౌనం తరువాత వినబడిన మొదటి కబురు ఒక వృద్ధ దంపతులకు వచ్చింది. జెకర్యా దేవాలయంలో ధూపం వేస్తుండగా దూత కనబడి, "జెకర్యా భయపడకుము, నీ ప్రార్థన వినబడినది" అంటాడు. చిన్నప్పటి నుండి వింటున్న మాటే. కానీ ఒక ఏడాది నాయనమ్మ మధ్యలో ఆపి, "ఏ ప్రార్థన?" అని అడిగింది. తాతయ్య, బిడ్డ కావాలన్న ప్రార్థన అన్నారు. "అది ఆయన ఎప్పుడు చేసి ఉంటాడు? ముసలివాడయ్యాడు, ఆమె కూడా వయసు మళ్ళినది. ఇంకా అదే అడుగుతూ ఉంటాడా? అడగడం మానేసి ఎన్నేళ్ళయిందో! దూత వచ్చి చెప్పినా నమ్మలేకపోయాడంటే, తాను అడిగిన సంగతి కూడా మరిచిపోయినట్టే కదా. ఆయన మరిచిపోయాడు, దేవుడు మరిచిపోలేదు" అంది నాయనమ్మ.

తాతయ్య వెంటనే ఏమీ అనలేదు. ఆయన చాలా వ్యాఖ్యానాలు చదివినవారు. ఆ పేజీ అంచున పెన్సిలుతో ఏదో రాసుకున్నారు. ఆయన పోయాక ఆ బైబిలు నా చేతికి వచ్చింది. ఆ వచనం పక్కన నాయనమ్మ పేరు మాత్రం రాసి ఉంది.

ఆగమన కాలం గురించి నేను నమ్మేదంతా నాయనమ్మ ఆ సాయంత్రం అన్న మాటల్లోనే ఉంది. నిరీక్షణ అంటే మనసులో ఎప్పుడూ వెలుగుతూ ఉండవలసిన ఒక ఉత్సాహమని చాలామంది అనుకుంటారు, ఆ ఉత్సాహం తగ్గిన రోజున తమ విశ్వాసమే పోయిందని కుమిలిపోతారు. జెకర్యాలో ఆ ఉత్సాహం ఏనాడో ఆరిపోయింది. అయినా తన వంతు వచ్చిన రోజున ఆయన దేవాలయానికి వెళ్ళాడు, ధూపం వేశాడు. ఆయన మోయలేక దించేసిన ప్రార్థనను దేవుడు దాచిపెట్టి ఉంచాడు. నమ్మనందుకు మూగవాడైన జెకర్యాను కూడా నేను శిక్షను అనుభవిస్తున్నవాడిగా మాత్రమే చూడలేను. బిడ్డ పుట్టి పేరు పెట్టే రోజు వరకు, మాట లేకుండా, భార్య ఎలీసబెతు కడుపులో వాగ్దానం పెరగడం చూస్తూ గడిపిన ఆ నెలలు ఆయనకు దొరికిన ఆగమన కాలమే.

మూడవ ఆదివారం గులాబి రంగు కొవ్వొత్తి వెలుగుతుంది. ఆ రోజున "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న అపొస్తలుడైన పౌలు మాట సంఘానికి ముఖ్యమైనది. విచిత్రమేమిటంటే, ఆరాధనలో చదివే పాఠాల మూడేళ్ళ క్రమంలో మూడేళ్ళకొకసారి ఆ ఆనంద ఆదివారానికే బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాల నుండి పంపిన ప్రశ్న పాఠంగా వస్తుంది: "రాబోవువాడవు నీవేనా, మేము మరియొకనికొరకు కనిపెట్టవలెనా?" దానితో పాటే తొలకరి వర్షం, కడవరి వర్షం పడేదాకా భూఫలం కోసం ఓపికతో కాచుకొనే వ్యవసాయకుని గురించి యాకోబు రాసిన మాటలు కూడా వస్తాయి. జెకర్యాకు లేకలేక పుట్టిన బిడ్డ యోహానే. దారి సిద్ధం చేసినవాడు, వేలెత్తి చూపినవాడు, ఇప్పుడు చీకటి గదిలో కూర్చొని ఈ ప్రశ్న అడుగుతున్నాడు. యేసు ఆయనను కోప్పడలేదు. గ్రుడ్డివారు చూపు పొందుతున్నారని, కుంటివారు నడుస్తున్నారని, బీదలకు సువార్త ప్రకటింపబడుతున్నదని కబురు పంపాడు. చెరసాల తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఈ పాఠం వచ్చిన ఏడాది నాయనమ్మ ఆరాధన అయ్యాక చాలాసేపు బల్ల మీదే కూర్చుండిపోయేది.

డిసెంబరు 17 నుండి 23 వరకు తాతయ్య ప్రార్థన క్రమం మార్చేవారు. ఆ ఏడు సాయంత్రాలు, వెయ్యేళ్ళకు పైగా సంఘం పాడుతూ వస్తున్న ఏడు పిలుపులు వరుసగా చదివేవాళ్ళం. మొదటి రోజు జ్ఞానమా అని, తరువాత ప్రభువా అని, యెష్షయి వేరా అని, దావీదు తాళపుచెవీ అని, ఉదయకాంతీ అని, జనముల రాజా అని, చివరి రోజు ఇమ్మానుయేలూ అని రక్షకుణ్ణి పిలుస్తారు. ప్రతి పిలుపు రమ్మన్న వేడుకోలుతోనే ముగుస్తుంది. పాశ్చాత్య సంఘాలలో వీటిని సాయంకాల ఆరాధనలో మరియమ్మ స్తుతిగీతానికి ముందూ వెనుకా పాడతారు. మా ఇంట్లో రాగం తెలిసినవారు లేరు కాబట్టి చదవడమే. నాలుగవది, డిసెంబరు 20న వచ్చేది, నాయనమ్మ వంతు. ఆమె తప్ప దాన్ని ఎవరూ చదివేవారు కారు. అతడు తీయగా ఎవడును మూయజాలడు, అతడు మూయగా ఎవడును తీయజాలడు అని యెషయా గ్రంథం నుండి తీసుకున్న మాటలు అందులో ఉన్నాయి. చెరలో, చీకటిలో కూర్చున్నవారిని బయటికి నడిపించమని ఆ పిలుపు వేడుకుంటుంది. అద్దాలు తుడుచుకొని, కాగితాన్ని దీపానికి దగ్గరగా పట్టుకొని, ప్రతి మాటా విడివిడిగా చదివేది. చదివాక బాబాయి పేరు చెప్పేది. వాడిని తీసుకురా అని ఏనాడూ అడగలేదు. వాడు ఎక్కడ ఉంటే అక్కడ తలుపు తెరువు అని అడిగేది.

కాలేజీలో చదివే రోజుల్లో జర్మన్ పాస్టరు డీట్రిక్ బోన్‌హోఫర్ చెరసాల ఉత్తరాల గురించి తెలుసుకున్నాను. నాజీ ప్రభుత్వం ఆయనను 1943 ఏప్రిల్ 5న పట్టుకొని బెర్లిన్‌లోని టేగెల్ చెరసాలలో ఉంచింది. ఆ ఏడాది నవంబరులో మిత్రునికి రాస్తూ, ఇలాంటి గదిలో ఉండడం ఆగమన కాలాన్ని పోలి ఉంటుందని ఆయన చెప్పుకున్నారు. లోపలివాడు నిరీక్షిస్తాడు, ఏవో చిన్న పనులు చేసుకుంటాడు, తలుపు మాత్రం బయటి నుండే తెరుచుకోవాలి. మరుసటి ఏడాది డిసెంబరులో అదే టేగెల్‌లో ఆల్‌ఫ్రెడ్ డెల్ప్ అనే యేసు సభ గురువు, సంకెళ్ళు వేసిన చేతులతోనే ఆగమన కాలపు ధ్యానాలు రాశారు. వాటిని రహస్యంగా బయటికి చేర్చారు. ఇద్దరినీ 1945లోనే చంపేశారు, డెల్ప్‌ను ఫిబ్రవరి 2న, బోన్‌హోఫర్‌ను ఏప్రిల్ 9న.

ఆ సంగతి చదివిన సెలవుల్లో ఇంటికి వెళ్ళి నాయనమ్మకు చెప్పాను. ఆమె మొదట అడిగిన ప్రశ్న, "వాళ్ళ అమ్మలు అప్పటికి బతికే ఉన్నారా?" అని. బోన్‌హోఫర్ తల్లి బతికే ఉందని, కొడుకు పోయిన సంగతి ఆ కుటుంబానికి కొన్ని నెలల దాకా తెలియనే లేదని చెప్పాను. నాయనమ్మ కళ్ళు తుడుచుకొని, ఆ ఏడాది 20వ తేదీ ప్రార్థనలో ఆ తల్లిని కూడా తలచుకుంది. ఆమె చనిపోయి ఎన్నో ఏళ్ళయిందని నేను గుర్తు చేయబోతే తాతయ్య చేయి ఎత్తి ఆపారు.

తాతయ్య ముందు పోయారు. ఆ తరువాత వచ్చిన ఆగమన కాలంలో వలయం పెట్టాలా వద్దా అని నాన్న తటపటాయించారు. నాయనమ్మే కొమ్మలు తెప్పించి, తాతయ్య కూర్చునే కుర్చీలో కూర్చొని, మొదటి ఆదివారపు పాఠం చదివింది. బాబాయి పేరుకు ఆమేన్ అనే గొంతు లేకపోవడం ఆ సాయంత్రం మా అందరికీ తెలిసింది. ఒక్క క్షణం ఆలస్యంగా నాన్న ఆమేన్ అన్నారు. నాకు తెలిసినంతలో, తమ్ముడి పేరుకు నాన్న ఆ మాట పైకి అనడం అదే మొదలు.

బాబాయి రాలేదు. నాయనమ్మ బతికి ఉండగా ఆయన కబురేమీ అందలేదు. దీన్ని మెత్తబరచి చెప్పడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆమె కూడా ఎప్పుడూ మెత్తబరచలేదు. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చున్న పాస్టరు గారు ఓదార్పుగా, మీ అబ్బాయి తప్పకుండా వస్తాడమ్మా అన్నప్పుడు, "వస్తాడో రాడో నాకు తెలియదు బాబూ. నేను నమ్ముకున్నది వాడి రాకను కాదు" అని నెమ్మదిగా చెప్పింది. ఆ తరువాత హెబ్రీ పత్రిక పదకొండవ అధ్యాయం చదవమంది. వాగ్దానముల ఫలము అనుభవింపక పోయినను, దూరము నుండి చూచి వందనము చేసి, విశ్వాసము గలవారై మృతినొందిన వారి గురించి చదువుతుంటే ఆమె పెదవులు కూడా కదిలాయి. ఎదురుచూసినది దక్కకపోయినా ఎదురుచూపు వృథా కాదని చెప్పే మాటలు చాలా విన్నాను. వాటిలో నేను నమ్మగలిగేవి తక్కువ. నాయనమ్మ మాటను నమ్ముతాను, ఎందుకంటే ఆమె ఒక్క ఏడాది కూడా చేదుగా మారకపోవడం నేను కళ్ళారా చూశాను.

ఇప్పుడు ఆ క్రమం నాన్న ఇంట్లోనూ నా ఇంట్లోనూ సాగుతోంది. కొవ్వొత్తులు మధ్యలో మార్చం. పాటలు 24వ తేదీ దాకా పాడం, ఈ ఒక్క విషయంలో మా అమ్మాయి నాతో ఇంకా వాదిస్తూనే ఉంది. బాబాయి పేరు ప్రతి సాయంత్రం చెబుతాం. ఆయన బతికి ఉంటే ఇప్పుడు తాతయ్య అంత వయసువాడై ఉంటాడు, ఆయనకు కూడా మనవలు ఉంటారేమోనని నాన్న ఈమధ్య వారిని కూడా ప్రార్థనలో కలుపుతున్నారు. ఎవరి కోసం ఇదంతా అని మా అమ్మాయి పోయిన ఏడాది అడిగితే, నాకు తెలిసినంత వరకు దాపరికం లేకుండా చెప్పాను. అంతా విని, ఈసారి 20వ తేదీ పిలుపు తనే చదువుతానని, చిన్నతాతయ్య పేరు కూడా తనే చెబుతానని ముందుగానే తన వంతు రాయించుకుంది.